కంప్రెషర్ ఆయిల్ మార్చాక సీళ్ళు ఉబ్బిపోతున్నాయి, తప్పు సీలుదా ఆయిల్‌దా?

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్తే. మాది జయపురం, బొరిగుమ్మ రోడ్డులో చిన్న రైస్ మిల్లు. రంగు మారిన గింజల్ని గాలితో ఊది ఏరే సార్టెక్స్‌కీ, బిన్ గేట్ల సిలిండర్లకీ కలిపి ఒకటే 10 హెచ్‌పీ పిస్టన్ కంప్రెషర్. పోయిన సీజన్‌కి ముందు ఆయిల్ అమ్మే ఆయన చెప్పాడని మామూలు ఆయిల్ తీసేసి సింథటిక్ ఆయిల్ పోయించాం. అప్పట్నుంచి సిలిండర్ల సీళ్ళు మెత్తబడి నానబెట్టిన బఠాణీల్లా ఉబ్బిపోతున్నాయి, గేట్లు సగంలో ఆగిపోతున్నాయి. ఫిల్టర్ గ్లాసు దగ్గర ఓరింగు పోతే ఇక్కడే పైపుల షాపులో అదే సైజుది తెచ్చి వేశాం, వారం తిరక్కుండానే అది గాడిలోంచి బయటికొచ్చేసింది. కంప్రెషర్ దగ్గర గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ సీలు మాత్రం దీనికి రివర్స్, గట్టిపడి పెళ్ళలుగా ఊడిపోతోంది. మా మిస్త్రీ అన్నీ విటాన్ (వేడికి తట్టుకునే ఖరీదైన రబ్బరు) వేసేద్దాం అంటున్నాడు, వైజాగ్‌లో రేటు అడిగితే గుండె గుభేలుమంది. నాన్నగారేమో అవి చైనా సీళ్ళురా, అందుకే పోతున్నాయి అంటున్నారు. మండి వడ్లు వచ్చే టైమ్‌కి మిల్లు ఆగకూడదు, ఏం చెయ్యమంటారు?

సమాధానం:

తమ్ముడూ, సీళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ ఫిల్టర్ గ్లాసు చూడు. మనం గ్లాసు అంటాం గానీ అది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. నువ్వు చెప్పిన ఆయిల్ నేను అనుకుంటున్న రకమే ఐతే అది రబ్బరు కంటే ముందు ఆ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మిల్లు ఆపి, లైన్లో గాలి మొత్తం వదిలేసి, గేజీ సున్నాకి వచ్చిందని చూసుకుని అప్పుడు గ్లాసు విప్పు, వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడు. లోపల వెంట్రుక మందాన సన్నటి గీతలు గజిబిజిగా కనిపిస్తే, లేదా మసకబారినట్టు ఉంటే, ఇంక దాన్ని మళ్ళీ బిగించొద్దు. 7 బార్ ఒత్తిడి మీద ఉన్న గ్లాసు పగిలితే ముక్కలు ముఖం మీదకే వస్తాయి, పక్కన పనివాళ్ళు తిరుగుతూ ఉంటారు కదా. మెటల్ బౌల్ దొరుకుతుంది, అదే వెయ్యి. ఇంకొకటి, గ్లాసు జిడ్డుగా ఉందని కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్ పెట్టి తుడుస్తారు మన కుర్రాళ్ళు, అది అస్సలు వద్దు, దానివల్ల కూడా ఇలాగే పగుళ్ళు వస్తాయి. సబ్బు నీళ్ళు చాలు.

ఇప్పుడు సీళ్ళు. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఏ సీలు ఎలా పోయిందో విడివిడిగా రాశావు. చాలామంది "సీలు పోయింది" అని మాత్రమే చెప్తారు, పాత సీలు అప్పటికే చెత్తలోకి వెళ్ళిపోయి ఉంటుంది. పాత సీలే కదా మనకున్న సాక్ష్యం, అది ఉబ్బిందా, గట్టిపడిందా, అంచు కొరికినట్టుందా, జిగురుగా అయ్యిందా అన్నదాన్ని బట్టి జబ్బు తెలుస్తుంది. నీ మిల్లులో మూడు చోట్ల మూడు రకాలుగా పోయాయి అంటే జబ్బులు మూడు, అన్నిటికీ ఒకే మందు విటాన్ అనడం కుదరదు.

మొదటిది, గేట్ల సిలిండర్లలో ఉబ్బిపోయినవి. ఇవి దాదాపుగా నైట్రైల్ రబ్బరువే అయి ఉంటాయి, గాలి సామాన్లలో ఎక్కువగా వాడేది అదే, ఎన్‌బీఆర్ అని రాస్తారు, పాతవాళ్ళు బ్యూనా-ఎన్ అని కూడా అంటారు. 1930ల్లో జర్మనీలో తయారైంది, మామూలు చెట్టు రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి పాడైపోతుంది కాబట్టి ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు కావాలని చేసిందే ఇది. అందులో ఎక్రిలోనైట్రైల్ అని ఒక భాగం ఉంటుంది, 18 శాతం నుంచి 50 శాతం దాకా వేస్తారు, అది ఎంత ఎక్కువుంటే ఆయిల్‌కి అంత తట్టుకుంటుంది, కాకపోతే చలిలో బిర్రుగా అయిపోతుంది. బజార్లో మామూలుగా దొరికేవాటిలో 33 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఇలాంటి రబ్బరు మినరల్ ఆయిల్లో ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది.

ఐతే ఇక్కడే అందరూ పొరపడే సంగతి ఒకటుంది, "ఆయిల్ రెసిస్టెంట్" అని కవరు మీద రాసుంటే అన్ని ఆయిల్స్‌కీ అనుకుంటాం. అది మినరల్ ఆయిల్‌కి తట్టుకుంటుంది అని మాత్రమే. రబ్బరుదీ ఆయిల్‌దీ ఒకే తరహా రసాయనం ఐతే ఆయిల్ రబ్బరులోకి దూరిపోతుంది, తరహా వేరైతే దూరదు, అంతే లెక్క. మినరల్ ఆయిల్ తరహా వేరు, నైట్రైల్ తరహా వేరు, కాబట్టి గొడవ లేదు. కానీ సింథటిక్ ఆయిల్స్‌లో ఒకటైన ఎస్టర్ రకం ఆయిల్ నైట్రైల్‌కి దగ్గర తరహాది, లోపలికి వెళ్ళి కూర్చుంటుంది, సీలు సైజు పెరుగుతుంది, బలం పోతుంది, సిలిండర్ గోడకి ఒరుసుకుని పట్టేస్తుంది, నీ గేటు సగంలో ఆగుతుంది. నీకు తెలిసిన ఉదాహరణే చెప్తాను, బండి బ్రేక్ ఆయిల్లో నైట్రైల్ సీలు వేస్తే ఉబ్బి పాడవుతుంది, అక్కడ ఈపీడీఎం రబ్బరు వేస్తారు, అదే ఈపీడీఎం ఇంజిన్ ఆయిల్లో పడితే దాని పని అయిపోతుంది. కాబట్టి ఏ రబ్బరు మంచిది అని కాదు, ఏ ఆయిల్‌కి ఏ రబ్బరు అని అడగాలి.

సింథటిక్ అన్న మాట కూడా అలాంటిదే, అది ఒక్క ఆయిల్ కాదు. పీఏఓ రకం ఉంటుంది, అది మినరల్ లాంటిదే, నైట్రైల్‌ని ఏమీ చెయ్యదు. డైఎస్టర్ రకం ఉంటుంది, ఇది మామూలు నైట్రైల్‌నీ, నియోప్రీన్‌నీ, చెట్టు రబ్బరునీ, పీవీసీనీ, పాలికార్బొనేట్‌నీ అన్నిటినీ పాడు చేస్తుంది. పాలీగ్లైకాల్ రకం ఉంటుంది, దాంతో ఇంకో గొడవ, లోపల మిగిలిన మినరల్ ఆయిల్‌తో కలవదు, బురదలా అవుతుంది. నీ డబ్బా వెనక లేబుల్ చదువు, ఎస్టర్ అన్న మాట ఎక్కడైనా ఉంటే సంగతి తేలిపోయినట్టే. నువ్వు రాసిన లక్షణాలన్నీ దాని వైపే చూపిస్తున్నాయి.

ఆయిల్ అమ్మిన ఆయన మోసం చేశాడని కూడా అనుకోకు. పిస్టన్ కంప్రెషర్‌లో డైఎస్టర్ పోస్తే వాల్వు ప్లేట్ల మీద మసి తక్కువ పడుతుంది, వేడి చోట్ల అందుకే వాడతారు, అది నిజమే. ఆయన కంప్రెషర్ వరకే చూశాడు, ఆ గాలి వెళ్ళే దారిలో ఏ రబ్బరు ఉంది, ఏ ప్లాస్టిక్ ఉంది అని అడగలేదు. కంప్రెషర్ ఆయిల్ కంప్రెషర్లోనే ఉంటుంది కదా, గేటు దాకా ఎలా వెళ్తుంది అంటావేమో. పిస్టన్ రింగుల పక్కనుంచి పైకి పాకి, వేడికి ఆవిరిగా, సన్నటి తుంపరగా మారి గాలితో పాటే ట్యాంకులోకి, లైన్లోకి వెళ్తుంది. రింగులు అరిగితే ఇంకా ఎక్కువ. వారానికి ఎంత ఆయిల్ టాపప్ చేస్తున్నారో ఒకసారి రాసి పెట్టించు, ఆ పోసిందంతా ఎక్కడికి పోతోంది అనుకున్నావ్, నీ లైన్లోకే. సార్టెక్స్ నాజిళ్ళలోంచి ఆ ఆయిల్ తుంపర బియ్యం మీదే పడుతుంది, అది తినే వస్తువు, కాలాజీరా లాంటి వాసన బియ్యం పట్టేవాళ్ళకైతే ఇంకా జాగ్రత్త కావాలి. కాబట్టి సార్టెక్స్‌కి ముందు ఆయిల్ పట్టే సన్న ఫిల్టర్, అదే కోయలెసింగ్ ఫిల్టర్, తప్పనిసరి, దాని లోపలి ఎలిమెంట్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే ఇప్పుడే మార్చాలని అర్థం. వీలైతే హెచ్1 అని రాసి ఉన్న ఫుడ్ గ్రేడ్ ఆయిల్ గురించి కూడా కంప్రెషర్ కంపెనీవాళ్ళని అడుగు.

రెండోది, పైపుల షాపు ఓరింగు. నల్లగా ఉంది, సైజు సరిపోయింది, వేసేశారు. నీళ్ళ ఫిట్టింగుల్లో వచ్చేవి చాలావరకు ఈపీడీఎం, నీళ్ళకీ ఆవిరికీ అది చాలా మంచి రబ్బరు, ఎండకీ తట్టుకుంటుంది, కానీ మినరల్ ఆయిల్ తగిలినా ఉబ్బుతుంది. అంటే నువ్వు ఆయిల్ మార్చకపోయినా ఆ రింగు అలాగే బయటికొచ్చేది. నలుపు రంగు చూసి ఏదీ చెప్పలేం, నైట్రైల్ నలుపే, ఈపీడీఎం నలుపే, విటాన్ కూడా నలుపులో వస్తుంది, అందరూ కార్బన్ కలుపుతారు కాబట్టి. గోధుమ రంగో ఆకుపచ్చో ఉంటే విటానే అని కొందరంటారు, రంగు ఎవరైనా వేస్తారు. విటాన్ బరువుగా ఉంటుంది, అదే సైజు నైట్రైల్ కంటే ఒకటిన్నర రెట్లు తూగుతుంది, కంసాలి దగ్గర చిన్న కాటాలో పెడితే తేడా తెలిసిపోతుంది.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష నీ మిల్లులోనే చేసుకోవచ్చు. కొత్త సీళ్ళు తెచ్చాక ఒకటి తీసి వెర్నియర్‌తో మందం కొలిచి రాసుకో, బరువు కూడా రాసుకో, నీ కంప్రెషర్లో పోసే ఆయిల్‌నే చిన్న సీసాలో పోసి అందులో మునిగేలా వెయ్యి, మూడు రోజులు వదిలెయ్యి. ల్యాబుల్లో కూడా ఇలాగే 70 గంటలు నానబెట్టి చూస్తారు, కాకపోతే వాళ్ళు వేడి చేసి చూస్తారు, నువ్వు సీసాని కంప్రెషర్ గదిలో వెచ్చటి మూల పెట్టు చాలు, హెడ్డు మీద మాత్రం పెట్టకు. తీసి తుడిచి మళ్ళీ కొలువు. కొద్దిగా పెరిగితే పర్లేదు, అది సీలుకి మంచిదే, కంటికి కనిపించేంత ఉబ్బి, గోటితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే ఆ డజను మొత్తం షాపుకి వాపసు. కాల్చి వాసన చూసే అలవాటు మిస్త్రీలకి ఉంటుంది, విటాన్‌తో ఆ పని చెయ్యనివ్వకు. అది బాగా కాలితే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పొగ వస్తుంది, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ఎప్పుడైనా కంప్రెషర్ మాడిపోయి లోపల విటాన్ కరిగి నల్లగా అంటుకుని ఉంటే ఉత్త చేత్తో గోకొద్దు, చేతికి గ్లౌజులు ఉండాలి.

మూడోది చెక్ వాల్వ్. ఇది ఆయిల్ జబ్బు కాదు, వేడి జబ్బు. పిస్టన్ కంప్రెషర్‌లో హెడ్డులోంచి బయటికొచ్చే గాలి 150 డిగ్రీలు దాటడం మామూలే, ట్యాంకుకి ముందున్న చెక్ వాల్వ్‌కి ఆ సెగ నేరుగా తగులుతుంది. నైట్రైల్ ఎడతెరిపి లేకుండా తట్టుకునేది 100 డిగ్రీల దాకా, కాసేపైతే 120. ఆపైన అది గట్టిపడుతుంది, సాగడం పోతుంది, గోటితో వంచితే పలుకు విరుగుతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే రబ్బరు ఆయుష్షు సగం అవుతుందని ఒక మోటు లెక్క ఉంది, దాన్ని బట్టి చూసుకో. ఇక్కడ మీ మిస్త్రీ చెప్పింది కరెక్టే, విటాన్ 200 డిగ్రీల దాకా ఉంటుంది, లేదా టెఫ్లాన్ డిస్కు ఉన్న చెక్ వాల్వే దొరుకుతుంది. ఈ ఒక్క చోట డబ్బు పెట్టు, దండగ కాదు.

కానీ సీలు మార్చి ఊరుకుంటే లాభం లేదు, అంత వేడి ఎందుకొస్తోందో చూడు. రైస్ మిల్లు కంప్రెషర్ అనగానే నేను ముందు చూసేది ఫిన్నులే, అంటే వేడి పోవడానికి సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలు. రాయగడ వైపు మిల్లుల్లో చూశాను, సిలిండర్ ఫిన్నుల మధ్య తవుడు దుమ్ము ఆయిల్ జిడ్డుకి అంటుకుని పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటుంది, పైకి చూస్తే ఏదో రంగు వేసినట్టు కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ పెట్టి గీస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది, దాని కింద ఇనుము కనబడుతుంది. గాలి తగలని ఫిన్ను ఉన్నా లేనట్టే. రెండు స్టేజీల మధ్య ఉండే ఇంటర్‌కూలర్ గొట్టం మీద కూడా అదే పరిస్థితి. కంప్రెషర్ గాలి పీల్చుకునే ఫిల్టరు ఊక బాయిలర్ పక్కనే ఉంటే వేడి గాలీ దుమ్మూ రెండూ లోపలికి పోతాయి, నాలుగు అడుగుల పైపు వేసి గోడ అవతలకి తిప్పితే చాలా మార్పు ఉంటుంది.

మరి అన్నీ విటాన్ వేసేస్తే పీడా పోతుంది కదా అంటే, ఎస్టర్ ఆయిల్‌కి కూడా అది తట్టుకుంటుంది, నిజమే. కానీ గేట్ల దగ్గర గాలి చల్లారి గది వేడికే వస్తుంది, అక్కడ 200 డిగ్రీల రబ్బరు అక్కర్లేదు, పిస్టన్ ముందుకీ వెనక్కీ ఒరుసుకునే చోట మంచి నైట్రైలే, లేదా పాలీయూరిథేనే, అరుగుదలకి బాగుంటుంది. పైగా నీ ఫిల్టర్ గ్లాసులూ, సోలినాయిడ్ వాల్వుల లోపలి చిన్న రబ్బర్లూ, పీవీసీ గొట్టాలూ అవన్నీ విటాన్ అవ్వవు కదా. ఒక్క ఆయిల్ కోసం లైను మొత్తం మార్చడం కంటే ఆ ఒక్క ఆయిలే మార్చడం తేలిక. నా సలహా ఇదే, కంప్రెషర్ పుస్తకంలో రాసిన మినరల్ ఆయిల్‌కి వెనక్కి వెళ్ళిపో, పిస్టన్ కంప్రెషర్లకి ఎక్కువగా వీజీ 100 అని (అది ఆయిల్ చిక్కదనం నంబరు) ఉంటుంది, నీ పుస్తకంలో ఏ నంబరు ఉంటే అదే.

పాలీయూరిథేన్ అన్నాను కాబట్టి ఒక మాట. మన కొరాపుట్ జిల్లా వానలు నీకు తెలుసు. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిగా ఉన్న గాలిలో ఒక ఘనపు మీటరుకి సుమారు 30 గ్రాముల నీళ్ళు ఉంటాయి, నీ 10 హెచ్‌పీ కంప్రెషర్ నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి లాగుతుంది అనుకుంటే, నొక్కి చల్లార్చాక వానాకాలంలో గంటకి లీటరు పైనే నీళ్ళు దిగుతాయి. ట్యాంకు డ్రెయిన్ రోజూ వదలకపోతే ఆ నీళ్ళు లైన్లోకి పోతాయి. పాలీయూరిథేన్లో ఒక రకం వెచ్చటి తడికి లోపల్నుంచే విరిగిపోయి జిగురుగా అవుతుంది. శ్రావణం భాద్రపదంలో సీళ్ళు చేతికి అంటుకుంటూ పొడిపొడిగా రాలితే అది నీటి జబ్బు, గాలిలో తడి తీసే డ్రయర్ చూడాలి, ఆయిల్‌ని తిట్టకూడదు.

నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు. చవక సీళ్ళలో నాసిరకం పొడి కలిపి బరువు పెంచుతారు, అవి త్వరగా ఒత్తిడికి నలిగి అలాగే ఉండిపోతాయి, ఆయన అనుభవం మీద చెప్పి ఉంటారు. కాకపోతే ఏ దేశానిది అన్నది కాదు చూడాల్సింది, ఏ రబ్బరు, ఎంత గట్టిదనం, ఎప్పుడు తయారైంది అన్నది కవరు మీద ఉందా లేదా అన్నది. లూజుగా దండ కట్టి అమ్మేవి కొనొద్దు. ఇంకా ఒకటి, తెచ్చాక మేకుకి తగిలించొద్దు. మేకు దగ్గర సాగి ఉన్న చోట ఓజోన్‌కి పగుళ్ళు వస్తాయి, మోటార్లూ వెల్డింగు సెట్టూ ఉన్న గదిలో ఓజోన్ ఎక్కువ, నైట్రైల్‌కి అది పడదు. కవర్లోనే ఉంచి చీకటి బీరువాలో పెడితే నైట్రైల్ 7 ఏళ్ళు, విటాన్ 10 ఏళ్ళు నిల్వ ఉంటాయని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, పాలీయూరిథేన్‌కి 5.

పని వరుస చెప్తాను, ఇది తప్పితే కొత్త సీళ్ళు కూడా పోతాయి. ముందు ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే పూర్తిగా దించు, కొత్త మినరల్ ఆయిల్ పోసి కాసేపు తిప్పి అది కూడా దించి పారబోసి మళ్ళీ కొత్తది పొయ్యి, ఒక నింపుడు ఆయిల్ పోతుందని చూడకు. ట్యాంకు డ్రెయిన్ తెరిచి జిడ్డు నీళ్ళు మొత్తం పోనివ్వు, లైన్ల చివర్లు విప్పి గాలి వదిలి ఊదించు, ఫిల్టర్ ఎలిమెంట్లు మార్చు, ఆ తర్వాతే సీళ్ళు. చాలామంది సీళ్ళు ముందు వేసి ఆయిల్ తర్వాత మారుస్తారు, లైన్లో మిగిలిన పాత ఆయిల్‌ని కొత్త సీలు తాగేస్తుంది. సిలిండర్ విప్పినప్పుడు రాడ్డు మీద వేలు పోనిచ్చి చూడు, గీత తగిలితే ఏ రబ్బరు వేసినా అంచు కొరుక్కుపోతుంది. గేట్ల లైన్లో ఆయిల్ బొట్లు వేసే లూబ్రికేటర్ ఉంటే అందులో ఇంజిన్ ఆయిలో 2టీ ఆయిలో పోస్తున్నారేమో అడుగు, అక్కడ వీజీ 32 పల్చటి ఆయిలే పొయ్యాలి. ఒకసారి ఆయిల్ వెయ్యడం మొదలెట్టిన సిలిండర్‌కి మధ్యలో ఆపకూడదు, ఫ్యాక్టరీ గ్రీజు అప్పటికే కడుక్కుపోయి ఉంటుంది. సార్టెక్స్ లైన్‌కి మాత్రం లూబ్రికేటర్ ఉండకూడదు.

అంతా అయ్యాక రాత్రి మిల్లు ఆపాక కంప్రెషర్ నింపి ఉంచి, ఆ నిశ్శబ్దంలో లైను వెంబడి నడువు, బుస్సుమనే చోట సబ్బు నురగ పెట్టు. 7 బార్ మీద 3 మిల్లీమీటర్ల కన్నం ఉంటే సెకనుకి 11 లీటర్ల గాలి పోతుంది, అంటే నీ కంప్రెషర్ శక్తిలో సగానికి పైనే దానికే పోతున్నట్టు, కరెంటు బిల్లులో అది ఎక్కడా విడిగా కనిపించదు.

వైజాగ్ షాపుకి ఫోన్ చేసినప్పుడు "సీళ్ళు కావాలి" అనకు. సిలిండర్ మీద పట్టీలో ఉన్న మోడల్ నంబరు, బోరు సైజు చెప్పి సీల్ కిట్ నైట్రైల్‌లో అడుగు. ఫిల్టర్ ఓరింగులు నైట్రైల్ 70 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత), కవరు మీద తయారీ తేదీతో అడుగు. చెక్ వాల్వ్‌కి మాత్రం విటాన్ లేదా టెఫ్లాన్ అని చెప్పు. ఆయిల్ మినరల్ అని కూడా వాళ్ళకి చెప్పు, తెలిసిన షాపువాడైతే అదే అడుగుతాడు. ఒకవేళ డబ్బా మీద ఎస్టర్ అని కాకుండా పీఏఓ అని ఉంటే ఆయిల్ తియ్యకు, నా లెక్క మారుతుంది, అప్పుడు ఉబ్బిన ఆ సీళ్ళు నైట్రైల్ అవునా కాదా అన్నదే ముందు తేల్చాలి, కొత్త నైట్రైల్ సీలొకటి, ఇప్పుడు మీ దగ్గరున్న కిట్‌లో సీలొకటి పక్కపక్కన అదే ఆయిల్లో నానేసి మూడు రోజులయ్యాక కొలతలు నాకు రాయి.